ఏ స్కానర్ కొనమంటావురా అబ్బాయ్?

సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే ఊళ్ళోవాళ్ళ దృష్టిలో ఎవరో మీకు తెలియంది కాదు. ప్రింటర్ కదలకపోయినా మనమే, టీవీలో యూట్యూబ్ రాకపోయినా మనమే, పక్కింటబ్బాయికి ఏ లాప్‌టాప్ కొనాలో చెప్పాల్సిందీ మనమే. "నేను చేసేది పేమెంట్ల ప్రోగ్రాములండీ, ఇవన్నీ నాకు తెలీవు" అంటే పొగరనుకుంటారు. అందుకని తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేస్తూ ఉంటాం. ఆ అలవాటే నా కొంప ముంచింది. నిజానికి ముంచింది నా కొంప కాదు, ఒక తాళపత్రాన్ని. అదే చెప్పబోతున్నా.

ఒక ఫిబ్రవరి చివర్లో, ఆదివారం పొద్దున్నే మా తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక ఆయన మా ఊళ్ళో ఒక ట్రస్టువాళ్ళ చిన్న మ్యూజియం చూసుకుంటున్నారు. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా. వరండాలో చుట్టుపక్కల పొలాల్లో దొరికిన రాతి శిల్పాలు, లోపల బీరువాల్లో నాణేలు, రెండు రాగిరేకులు, కంచు సామాన్లు, పాత ఫొటోలు, 63 తాళపత్ర గ్రంథాల కట్టలు. జీతం లేదు, తాళంచెవులు మాత్రం ఆయన దగ్గరుంటాయి.

"ఒరే అబ్బాయ్, మనకి డెబ్బై వేలు శాంక్షన్ అయ్యాయిరా. మార్చి ముప్పై ఒకటి లోపల ఖర్చుపెట్టి బిల్లులు చూపించాలి. మొత్తం డిజిటైజ్ చేసేద్దాం. ఏ స్కానర్ కొనమంటావు?"

చూశారా, ఎంత ముచ్చటైన ప్రశ్నో! ఇంజనీరుని పట్టుకుని 'ఏది కొనాలి' అనడిగితే ఇంకేం కావాలి? ఆ రాత్రి పదకొండు మోడళ్ళతో ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఆప్టికల్ రిజల్యూషన్ ఒక కాలమ్, వేగం ఒకటి, వారంటీ ఒకటి, ఒక్కోదానికి వెయిటేజీ. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో వేసే డీపీఐ చాలావరకు సాఫ్ట్‌వేర్ కల్పించే అంకె అనీ, లోపలి సెన్సర్ నిజంగా చూడగలిగేది అంతకంటే తక్కువనీ నాకు తెలుసు. ఆ మాత్రం తెలివి ఉన్నందుకు లోలోపల మురిసిపోయాను కూడా. ఆఫీసులో డేటాబేస్ ఎంచుకునేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండను. చివరికి ఒక ఏ4 సైజు ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఒక డెస్క్‌టాప్, రెండు హార్డ్‌డిస్కులు, ఒక యూపీఎస్. అరవై ఎనిమిది వేల చిల్లర. మార్చి 20 కల్లా బిల్లులతో సహా పని పూర్తి.

ఇంత చేసినవాణ్ణి, తాటాకు ఎంత పొడుగుంటుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు రెండురోజులు కూర్చుని మొదలుపెట్టాం. పాత ఫొటోలు, పోస్టుకార్డులు, కరపత్రాలు బ్రహ్మాండంగా వచ్చాయి. మాస్టారు ఒక 1940ల నాటి ఫొటోని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, వెనక వరసలో నిలబడ్డ మనిషి తన మేనమామ అని గుర్తుపట్టి, పావుగంటసేపు ఆయన కథ చెప్పారు. ఆ ఊపులో తాళపత్రాల కట్ట ఒకటి విప్పాం.

ఆకు దాదాపు పద్దెనిమిది అంగుళాలుంది. ఏ4 గాజు పన్నెండు అంగుళాలు కూడా ఉండదు. 'పోనీ, రెండు ముక్కలుగా స్కాన్ చేసి తరవాత అతికిద్దాం, సాఫ్ట్‌వేర్ ఉందిగా' అనుకున్నాను. ఆకు గాజు మీద పెడితే రెండు చివర్లూ పడవలా పైకి లేచాయి. మేం కొన్నది పుస్తకంలా పల్చగా ఉండే రకం. అందులో ఉండే సెన్సర్‌ని సీఐఎస్ అంటారు. గాజుకి ఆనుకున్నదాన్నే అది స్పష్టంగా చూస్తుంది, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తే చాలు, మసకే. లోపల అద్దాలూ లెన్సూ ఉండే పాతకాలపు లావుపాటి సీసీడీ రకమైతే కాస్త నయం. నా ఎక్సెల్ షీటులో ఆ కాలమ్ లేదు. మొదటి స్కాన్‌లో మధ్యలో అక్షరాలు బాగున్నాయి, అంచులు అలుక్కుపోయాయి. సరేనని మూత వేసి, పైన అరచేత్తో కొంచెం, నిజంగా కొంచెమే, నొక్కాను.

టిక్ మని ఒక చప్పుడు.

మూత తీస్తే ఆకు చివర వేలిగోరంత ముక్క విరిగి పడి ఉంది. దాని మీద రెండున్నర అక్షరాలు.

మాస్టారు ఏమీ అనలేదు. ఒక పాత శుభలేఖ కవరు తెచ్చి, ముక్కని కాగితంతో ఎత్తి అందులో వేశారు. కవరు మీద కట్ట నంబరు, ఆకు నంబరు, తేదీ రాశారు. కింద 'కారణం' అని రాసి, ఒక్క క్షణం ఆగి, 'స్కానర్' అని రాశారు. నా పేరు రాయొచ్చు. రాయలేదు.

ఆ తరవాత నెలరోజులు నేను చదివినవన్నీ ఆ ఎక్సెల్ షీటు కంటే ముందు చదవాల్సినవి. మ్యూజియంల డిజిటైజేషన్‌కి అమెరికా ప్రభుత్వ సంస్థలు కలిసి తయారుచేసుకున్న ఫాడ్జీ మార్గదర్శకాలున్నాయి (మూడో కూర్పు 2023లో వచ్చింది), డచ్చివాళ్ళ మెటమార్ఫోజ్ ఉంది, ఐఎస్ఓవాళ్ళ 19264 ఉంది. వీటిలో ఏదీ 'ఇన్ని డీపీఐ ఉన్న యంత్రం కొనండి' దగ్గర ఆగిపోదు. ముందు వస్తువేమిటో చూస్తారు. తీసిన బొమ్మలో సన్నగీతలు నిజంగా విడివిడిగా కనిపిస్తున్నాయా, రంగు అసలు రంగుకి ఎంత దూరంలో ఉంది, వెలుతురు అంచునుంచి అంచుకి సమానంగా పడిందా అని కొలుస్తారు. అంటే యంత్రాన్ని కాదు, వచ్చిన బొమ్మనే పరీక్ష పెడతారన్నమాట. మనం యూనిట్ టెస్టులు రాయకుండా సర్వర్లు కొనేస్తే ఎలా ఉంటుందో, నేను చేసింది అచ్చం అలా ఉంది.

తాటాకు సంగతి ఇంకా చిత్రం. అది కాగితం మీద సిరా కాదు. గంటంతో గీరిన గాడి. తరవాత మసి పూసి తుడిస్తే గాడిలో నల్లగా నిలుస్తుంది, అప్పుడే అక్షరం కంటికి ఆనుతుంది. కొన్ని ఆకులకి మసి ఎప్పుడో రాలిపోయింది, కొన్నింటికి అసలు పూయనే లేదు. అలాంటివాటికి నిలువునా ఎంత వెలుతురు గుమ్మరించినా ఉపయోగం లేదు. పక్కనుంచి, ఆకుని రాసుకుంటూ పోయేట్టు దీపం పెడితే గాడిలో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. స్కానర్‌లో దీపం ఎటువైపునుంచి రావాలో మన చేతిలో లేదు. కాబట్టి తాటాకులకి కావలసింది కెమెరా, దాన్ని కిందికి చూసేట్టు పట్టుకునే స్టాండు, జరుపుకోగలిగే రెండు లైట్లు. డెబ్బై వేలు అప్పటికే అయిపోయాయి కదా!

ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది మా ఊరి ఫొటో స్టూడియో ఆయన. పెళ్ళిళ్ళు తీస్తాడు, మాస్టారి శిష్యుడే, నాకంటే పదేళ్ళు సీనియరు. విషయం చెప్తే స్టూడియో వెనక గదిలోకి వెళ్ళి, దుమ్ము కొట్టుకుపోయిన ఎన్‌లార్జర్ ఒకటి లాక్కొచ్చాడు. ఫిల్ము రోజుల్లో ప్రింట్లు వేసిన సామాను అది, వాళ్ళ నాన్నగారిది. పైన దీపం పెట్టె తీసేసి ఆ చోట కెమెరా బిగిస్తే, నిలువు స్తంభం మీద పైకీ కిందికీ పళ్ళచక్రంతో జరిగే స్టాండు తయారు. కెమెరా అతనిదే, 24 మెగాపిక్సెళ్ళది. ఇక లెక్క చూడండి. పొడుగు వైపు 6000 పిక్సెళ్ళు. ఆకుకి అటూ ఇటూ ఖాళీ, పక్కన స్కేలు, అన్నీ కలిపి ఇరవై అంగుళాలు అనుకుంటే అంగుళానికి 300. తాళపత్రం చదవడానికి ఇది చాలు. గంటం గాడి వాలు ఎటుందో పరిశీలించాలనుకునే పరిశోధకుడికి చాలదు, అతనికి 600 కావాలంటే ఆకుని రెండు భాగాలుగా తియ్యాలి. అంటే 'ఎవరికోసం' అన్నది తేలకుండా 'ఎంత రిజల్యూషన్' అన్న ప్రశ్నకి జవాబే లేదు.

రంగుల కార్డు గురించి నేనతనికి లెక్చరు మొదలుపెట్టాను. 24 గళ్ళుంటాయి, దాన్ని మొదటి ఫ్రేములో పెట్టి తీస్తే... అంటూ. అతను నవ్వి, "పెళ్ళికూతురి పట్టుచీర ఎరుపు ఎరుపులా రాకపోతే మాకు డబ్బులివ్వరండీ" అన్నాడు. ఇంక నేను నోరెత్తలేదు.

(మీలో కొందరికి 'ఫోన్లో స్కాన్ యాప్ ఉందిగా' అనిపిస్తూ ఉంటుంది. ఆ యాప్‌లు నేపథ్యాన్ని తెల్లగా కడిగి, మరకలు తీసేసి, గీతల్ని చెక్కి ఇస్తాయి. కరెంటు బిల్లుకి దివ్యంగా పనికొస్తాయి. తాటాకు మీద ఉన్నది మరకో, సున్నో దానికేం తెలుసు? పూర్ణానుస్వారం ఎగిరిపోతే అర్థమే మారిపోవచ్చు.)

సరే, యంత్రం కుదిరింది. ఒక కట్ట పూర్తిగా తీశాం. 120 ఆకులు, రెండు వైపులా 240 బొమ్మలు. 16 బిట్ల టిఫ్‌గా దాస్తే ఒక్కోటి 144 ఎంబీ. కట్టకి దాదాపు 35 జీబీ. 63 కట్టలూ ఇలాగే ఉంటాయనుకుంటే రెండు టీబీ పైచిలుకు, మూడు కాపీలు పెట్టుకుంటే ఆరున్నర. నేను కొనిపించిన హార్డ్‌డిస్కులు ఒక్కోటి ఒక టీబీ. ఇదీ మన ప్లానింగు!

అంతకంటే పెద్ద తలనొప్పి పేర్లు. కెమెరా తన పద్ధతిలో 0001, 0002 అంటూ పేర్లు పెట్టుకుంటూ పోతుంది. 9999 దాటగానే మళ్ళీ మొదటికే. మనకి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం ఉండనే ఉంది. రాజ్‌రెడ్డిగారు ముందుండి నడిపించిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా, మినోల్టా ఓవర్‌హెడ్ స్కానర్లతో, 600 డీపీఐలో వేలవేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. తెలుగు చదివేవాళ్ళు ఎంత రుణపడి ఉన్నారో చెప్పలేం. 2017లో ఆ సైటు మూతపడినా, అప్పటికే కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరడంవల్ల బతికిపోయాం. కానీ పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించడంతో, ఉన్న పుస్తకమే దొరక్క జుట్టు పీక్కున్న పాఠకులు ఎందరో. స్కానర్‌లో ఏ లోపమూ లేదు. లోపం పేరు దగ్గర.

అందుకని మేం పేరు దగ్గర మొండిగా కూర్చున్నాం. రిజిస్టరులో వస్తువు నంబరు, ఆకు వరస, వైపు. అంతే. పేరులో ఇంకే కవిత్వమూ ఉండకూడదు, మిగతా వివరాలన్నీ పట్టికలో. ఇది తేలిక అనుకున్నాను. కాదని రిజిస్టరు తెరిచాక తెలిసింది. ఒకే నంబరు రెండు వస్తువులకి ఉంది. ఆకుల మీద తెలుగు అంకెల్లో వరస ఉంది కానీ, ఎవరో ఎప్పుడో విప్పి తిరిగి కట్టినప్పుడు ౪౨ తరవాత ౫౭ వచ్చింది. ఇప్పుడు సరైన వరసలో పెట్టి తియ్యాలా, ఉన్నది ఉన్నట్టు తియ్యాలా? నేను సర్దేద్దామన్నాను. మాస్టారు వద్దన్నారు. "మనకి తప్పనిపించింది తప్పు కాకపోవచ్చురా. ఉన్నట్టే తియ్యి, ఆకు మీద ఏ అంకె ఉందో పక్కన రాయి. సర్దుకునేవాడు తన కాపీలో సర్దుకుంటాడు." మన భాషలో చెప్పాలంటే ముడిడేటాని ముట్టుకోకూడదు. రోజూ ఆఫీసులో నేను జూనియర్లకి చెప్పే మాటే అది. డెబ్బై అయిదేళ్ళ తెలుగు మాస్టారు నాకు చెప్పాల్సొచ్చింది.

ఇదంతా ఏ సాఫ్ట్‌వేర్‌లో పెడతారని మీరడగొచ్చు. సాలార్‌జంగ్ లాంటి పెద్ద మ్యూజియంలకి పుణే సీడాక్‌వాళ్ళు చేసిన జతన్ ఉంది, అందులోకెక్కించిన వస్తువుల్ని మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్లో చూడొచ్చు. మా రెండు గదులకి ఎక్సెల్లే గతి. అదే చాలు కూడా.

ఇక అసలు గొడవ. బొమ్మలు తీశాం, ఎవరికి చూపించాలి? ట్రస్టు కమిటీ మీటింగు పెట్టారు. అయిదుగురు సభ్యులు, మాస్టారు, నేను, టీ, మిరపకాయ బజ్జీలు.

మొదటి గంట వాటర్‌మార్కు మీద నడిచింది. ప్రతి బొమ్మ మధ్యలో ట్రస్టు పేరు అడ్డంగా, పెద్దగా వెయ్యాలని ఒక పెద్దాయన పట్టు. లేకపోతే దొంగిలిస్తారట. నేను ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కథ చెప్పాను. వెర్మీర్ గీసిన పాలమనిషి బొమ్మ వాళ్ళ దగ్గరుంది. ఇంటర్నెట్ నిండా దాని పాడు కాపీలు, పసుపు తిరిగిపోయినవి, తిరుగుతూ ఉండేవి. చివరికి అసలు బొమ్మ పోస్టుకార్డు చూపిస్తే ఇదే నకిలీ అని జనం నమ్మనంత వరకూ వచ్చింది. అప్పుడు మ్యూజియంవాళ్ళు మంచి బొమ్మని తామే ఉచితంగా విడుదల చెయ్యడం మేలనుకున్నారు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా 2017 ఫిబ్రవరిలో మూడున్నర లక్షలకి పైగా బొమ్మల్ని ఏ షరతూ లేకుండా వదిలేసింది. "మరి మన అమరావతి శిల్పాలు లండన్లో ఉన్నాయి కదా, వాళ్ళేం చేస్తున్నారు?" అని ఇంకో సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్న. బ్రిటిష్ మ్యూజియం తన బొమ్మల్ని వాడుకోనిస్తుంది, కానీ వ్యాపారానికి కాకుండా అన్న షరతు మీద. అంటే గుంటూరులో ఒక పబ్లిషరు అమరావతి మీద పుస్తకం వేసి అమ్మాలంటే, ఇక్కడినుంచి వెళ్ళిన రాయి ఫొటోకి అక్కడ అనుమతి తీసుకోవాలి. ఆ మాట వినగానే పెద్దాయన మొహం మారింది. "అయితే మనం అలా చెయ్యకూడదు" అన్నారు. మధ్యలో వాటర్‌మార్కు పోయింది. కింద అంచున ట్రస్టు పేరూ వస్తువు నంబరూ మిగిలాయి.

రెండోది తేలలేదు. కట్టల్లో ఒకటి ఒక కుటుంబం ఇచ్చింది. అందులో మంత్రాలూ, వైద్యమూ కలిసి ఉన్నాయి. ఇచ్చినాయన ఇప్పుడు లేరు. ఆయన మనవడు, "మా తాత అది అందరికీ చూపించొద్దని చెప్పేవారు" అంటాడు. రాతపూర్వకంగా ఏమీ లేదు. ఇచ్చేటప్పుడు ట్రస్టువాళ్ళు రసీదు తప్ప ఇంకేమీ రాయించుకోలేదు. నేనైతే జ్ఞానం దాచకూడదన్న పార్టీ. మాస్టారు, "పెద్దమనిషి నమ్మి ఇచ్చాడు, మనం అడక్కుండా పెట్టకూడదు" అన్నారు. చివరికి బొమ్మలు తీసి భద్రపరచాలి, నెట్‌లో పెట్టకూడదు, అడిగివచ్చిన పరిశోధకుడికి మ్యూజియంలో కూర్చోబెట్టి చూపించాలి, అయిదేళ్ళ తరవాత ఆ కుటుంబంతో మళ్ళీ మాట్లాడాలి అని తీర్మానం. నాకిప్పటికీ అసంతృప్తిగానే ఉంది. అయితే ఆ గ్రంథం నాది కాదు. ఇకమీదట ఎవరేమిచ్చినా ఒక పేజీ కాగితం మీద, బొమ్మ తియ్యొచ్చా, నెట్‌లో పెట్టొచ్చా, ఇంకెవరికైనా ఇవ్వొచ్చా అని అడిగి సంతకం తీసుకోవాలనుకున్నాం.

మూడోది నేనే లేవనెత్తాను. పల్లెల్లో గుళ్ళ దగ్గర ఇంకా ఆరుబయటే పడి ఉన్న శిల్పాల ఫొటోలు కూడా ట్రస్టువాళ్ళ దగ్గరున్నాయి. ఫోన్‌తో తీసిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దాక్కుని ఉంటాయి. అలాగే నెట్‌లో పెడితే దొంగకి దారి చెప్పినట్టే. మనదగ్గర ఉంచుకునే కాపీలో ఉండాలి, బయటికిచ్చే కాపీలో తీసెయ్యాలి. ఇది ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు.

దొంగల ప్రసక్తి వచ్చింది కాబట్టి చందవరం సంగతి చెప్పాలి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ క్షేత్రం. అక్కణ్ణుంచి శిల్పాలు దొంగతనానికి పోయాయి. అందులో ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, చేతులు మారి 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. అది ఇక్కణ్ణుంచి పోయినదేనని తేల్చడంలో పనికొచ్చింది ఒక పాత ఫొటో. 2016లో గ్యాలరీ ఆ శిల్పాన్ని మనదేశానికి తిరిగి ఇచ్చేసింది. తమిళనాడు శ్రీపురందాన్ నటరాజుదీ ఇలాంటి కథే. పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు గుళ్ళలో తీసి పెట్టుకున్న ఫొటోలు సాక్ష్యమయ్యాయి, 2014లో ఆస్ట్రేలియానుంచి విగ్రహం తిరిగొచ్చింది. ఆ ఫొటోలు తీసినవాళ్ళెవరూ మెగాపిక్సెళ్ళ గురించి కొట్టుకోలేదు.

దీనికొక ప్రమాణం కూడా ఉంది. గెట్టీవాళ్ళు 1997లో తెచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ, ఇప్పుడది అంతర్జాతీయ మ్యూజియంల మండలి చేతిలో ఉంది. వస్తువు ఏమిటి, దేనితో చేసింది, కొలతలెంత, రాతలూ గుర్తులూ ఉన్నాయా, దాన్ని మాత్రమే పట్టించే లక్షణం ఏమిటి, ఫొటో. ఇంతే, ఒక పేజీ కూడా ఉండదు. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ 'పట్టించే లక్షణం'. విరిగిన ముక్కు, అంచున పెచ్చు, అడుగున అతుకు. మనం ఫొటో అందంగా రావాలని ఏ వైపు దాస్తామో, సరిగ్గా ఆ వైపే కావాలి.

ఇవన్నీ విన్నాక కమిటీలో ఒకాయన, అంతవరకూ బజ్జీలు తప్ప దేనిమీదా ఆసక్తి చూపించనాయన, "అలాగైతే ముందు అది చెయ్యండి, తాటాకులు తరవాత" అన్నారు. నా ఎక్సెల్ షీటు మొదలుకుని అప్పటివరకూ జరిగిన చర్చలో అంత తెలివైన మాట ఇంకోటి లేదు.

అదే చేశాం. వస్తువు, పక్కన నంబరు చీటీ, స్కేలు, నాలుగు వైపులా నాలుగు ఫొటోలు, టేపుతో కొలత. నేను ఇంతకుముందు తీసిపారేసిన ఫోనే సరిపోయింది. (యాప్ కాదు, మామూలు కెమెరా.) తాటాకుల కట్టలు విప్పలేదు, కట్టకట్టగానే తీశాం. నేనూ, స్టూడియో ఆయనా, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలూ, రెండు ఆదివారాలు. మాస్టారు కుర్చీలో కూర్చుని రిజిస్టరు చదువుతూ ఒక్కో నంబరు పిలిచేవారు, స్కూల్లో హాజరు పిలిచినట్టు.

రిజిస్టరులో 415 ఉన్నాయి. మాకు దొరికినవి 412.

లేని మూడింటిలో రెండు రాగినాణేలు. మూడోదానికి రిజిస్టరులో ఎప్పుడో రాసిన మాటలు 'కంచు విగ్రహము, చిన్నది'. ఎత్తు లేదు, బరువు లేదు, ఫొటో లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. నిరుడా, ఇరవయ్యేళ్ళ క్రితమా? పోలీసులకి చెప్పాలన్నా ఏం చెప్తాం, చిన్న కంచు విగ్రహం పోయిందండీ అనా? రేపు అది ఏ దేశంలో ఏ వేలంలో ప్రత్యక్షమైనా, మనదే అని చెప్పడానికి ఆ రెండు మాటలు తప్ప మా చేతిలో ఏమీ లేదు.

తాటాకులు ఇంకా 41 కట్టలు మిగిలే ఉన్నాయి. ఎన్‌లార్జర్ స్టాండు అక్కడే ఉంది, పండగలకి వెళ్ళినప్పుడు ఒకటో రెండో కట్టలు తీస్తున్నాం. విరిగిన ముక్కని దాని ఆకు పక్కనే పెట్టి ఒకే ఫ్రేములో తీశాం. ఆ రెండున్నర అక్షరాలూ చక్కగా చదవొచ్చు. స్కానర్‌ని పోస్టుకార్డులకి వాడుతున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మాస్టారు రిజిస్టరులో ఆ మూడు నంబర్ల ఎదురుగా ఎర్రసిరాతో 'కనబడలేదు' అని రాసి తేదీ వేశారు. తరవాత ఒక తెల్లకాగితం తీసుకుని ఆ విగ్రహాన్ని గీయడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని చూశారు, చాలాసార్లు. మొదట్లో ఆయనే తుడిచి పెట్టేవారట. "జానెడు ఉంటుందిరా. అమ్మవారు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగి ఉండేది..." అని కొంత గీసి ఆగారు. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూశారు.

"ఎడమదేనా?" అని నన్నడిగారు.